ధ్రువపు చీకట్లో గుర్రాల నడక



లాల్ ఖాన్, గులాబ్, బేగం, రాణీ, అబ్దుల్లా, ప్యారీ, ఖాన్ సాహెబ్. ఈ ఏడు పేర్లూ ఎక్కడివని అడిగితే హైదరాబాదులో పెరిగినవాళ్ళు వెంటనే ఏదో ఒక గల్లీ పేరు చెప్పేస్తారు. కానీ ఇవి మనుషుల పేర్లు కావు. 1912లో దక్షిణ ధ్రువ ఖండం అంటార్కిటికాలో చలికాలమంతా గడిపిన ఏడు కంచరగాడిదల పేర్లు. మన దేశం నుంచే ఓడెక్కి అక్కడికి వెళ్ళాయి. వాటిని అక్కడికి రప్పించమని సలహా ఇచ్చిన మనిషి మాత్రం వాటిని చూడకుండానే చనిపోయాడు.

ఈ వారం ఆ మనిషి గురించి, ఆయన సాకిన గుర్రాల గురించి చెబుతాను. ఇంగ్లండులో మన పిల్లలు చదివే పుస్తకాల్లో కెప్టెన్ స్కాట్ కథ ఎక్కడో ఒకచోట వస్తుంది. దక్షిణ ధ్రువానికి బయలుదేరాడు, అక్కడికి చేరేసరికి నార్వే వాడు అముండ్‌సెన్ ముందే చేరి ఉన్నాడు, తిరిగి వస్తూ అయిదుగురూ చనిపోయారు. ఇంతవరకు అందరికీ తెలుసు. ఆ ప్రయాణానికి ముందు ఒక చలికాలం ఉంది. ఆ చలికాలంలో పది గుర్రాలను బతికించి, నడిపించి, పనికి తయారు చెయ్యడం ఒక పెద్ద పని. దాని గురించి చెప్పుకునేవాళ్ళు తక్కువ. నాకు మాత్రం ఆ కథ మొత్తంలో అదే ముఖ్యమైన భాగం అనిపిస్తుంది.

మంచు దేశానికి గుర్రాలెందుకు అని మీకు సందేహం రావచ్చు. అప్పట్లో కూడా చాలామంది అలాగే అడిగారు. 1901 నుంచి 1904 వరకు జరిగిన మొదటి యాత్రలో స్కాట్ కుక్కలను వాడి చూశాడు. కుక్కలను నడపడం సరిగ్గా తెలిసినవాళ్ళు లేక అది బెడిసికొట్టింది. ఆ తర్వాత 1907లో షాకల్టన్ వెళ్ళాడు. ఆయన మంచూరియా నుంచి పోనీలను తీసుకువెళ్ళాడు. పోనీ అంటే పొట్టి గుర్రం, మన ఊళ్ళల్లో జట్కాలకు కట్టేవాటిలాంటిది. మంచూరియాలో చలి బాగా ఎక్కువ కాబట్టి అవి తట్టుకుంటాయని ఆయన లెక్క. ఎనిమిది పోనీలు ఒడ్డుకు చేరాయి. చలికాలం ఇంకా మొదలవుతూ ఉండగానే నాలుగు చచ్చిపోయాయి. వాటిని ఇసుక నేల మీద కట్టేశారు. సముద్రపు జల్లు పడి ఆ ఇసుక ఉప్పగా ఉంది. దాణాలో ఉప్పు లేక నాలుక పీకుతున్న గుర్రాలు ఇసుక నాకి నాకి తినేశాయి. చచ్చినవాటిలో ఎక్కువ అలా పోయినవే. మిగిలిన నాలుగింటితోనే షాకల్టన్ 1909 జనవరిలో ధ్రువానికి నూరు మైళ్ళ లోపుకు వెళ్ళి వెనక్కి వచ్చాడు.

అది చూసి స్కాట్ కూడా పోనీలనే నమ్ముకున్నాడు. షాకల్టన్ గుర్రాల్లో ముదురు రంగువి ముందు చచ్చాయి, తెల్లవి చివరిదాకా నిలిచాయి. కాబట్టి తెల్లవే కొనమని స్కాట్ చెప్పాడు. ఎనిమిది గుర్రాలను చూసి రంగును బట్టి ఆయుష్షు లెక్కగట్టడం అన్నమాట! కొనడానికి పంపింది సెసిల్ మియర్స్ అనే ఆయన్ని. ఆయన కుక్కల విషయంలో దిట్ట, గుర్రాల విషయంలో కాదు. తెల్ల గుర్రాలే కావాలని వెతికేవాడికి బజారులో ఎంపిక తగ్గిపోతుంది కదా. వచ్చినవాటిలో ముసలివి, కుంటివి, అంతకు ముందే రోగం ఉన్నవి కలిసిపోయాయి.

గుర్రాల సంగతి నిజంగా తెలిసిన మనిషి ఆ జట్టులో ఒకడే ఉన్నాడు. ఆయన పేరు లారెన్స్ ఓట్స్. ఇన్నిస్కిల్లింగ్ డ్రగూన్స్ అనే అశ్వికదళంలో కెప్టెన్. 1880లో పుట్టాడు. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధంలో తొడకు తూటా తగిలి ఒక కాలు కొంచెం పొట్టి అయింది. తర్వాత ఆయన పటాలం మన దేశంలో మౌ దండుకు వచ్చింది. మౌ అంటే 1891లో అంబేద్కర్ గారు పుట్టిన ఊరు. ఇప్పుడు ఆ ఊరికి ఆయన పేరే పెట్టారు. ఓట్స్ అక్కడి నుంచే స్కాట్‌కు దరఖాస్తు పెట్టుకున్నాడు. జీతం అడగలేదు సరికదా, యాత్రకు తనే వెయ్యి పౌన్లు ఇచ్చాడు. చిత్రం ఏమిటంటే, గుర్రాల పని చూడటానికే తీసుకున్న మనిషిని గుర్రాలు కొనేటప్పుడు మాత్రం పంపలేదు. న్యూజిలాండులో వాటిని మొదటిసారి చూసినప్పుడు ఆయనకు గుండె జారిపోయింది. ఒక్కొక్కదానికి ఉన్న లోపాలన్నీ వరసగా రాసిపెట్టుకున్నాడు.

1910 నవంబరు చివర్లో టెర్రా నోవా అనే ఓడలో 19 పోనీలు బయలుదేరాయి. డిసెంబరు మొదట్లో పెద్ద తుఫాను వచ్చింది. ఓడ ఊగిపోతుంటే నిలబడలేక రెండు చచ్చిపోయాయి. ఓట్స్ రాత్రంతా వాటి దగ్గరే ఉండి, పడిపోతున్నవాటిని చేతులతో పట్టి లేపుతూ ఉన్నాడని తోటివాళ్ళు రాశారు. 1911 జనవరిలో 17 పోనీలు రాస్ దీవిలో కేప్ ఎవాన్స్ అనే చోట ఒడ్డుకు చేరాయి.

అక్కడ చలికాలం వచ్చేలోపు దారిలో ఆహారం దాచిపెట్టి రావాలని, జనవరి చివర్లో ఎనిమిది పోనీలతో బయలుదేరారు. ఆ ప్రయాణంలో గుర్రానికీ మంచుకూ ఉన్న పేచీ అంతా బయటపడింది. గుర్రం బరువంతా నాలుగు చిన్న గిట్టల మీద పడుతుంది. మెత్తటి మంచులో కాలు పెడితే మోకాలి దాకా, ఒక్కోసారి కడుపు దాకా దిగబడుతుంది. రెండో సంగతి చెమట. కుక్క నోరు తెరిచి రొప్పి ఒళ్ళు చల్లబరుచుకుంటుంది, దాని ఒంటి మీద చెమట పట్టదు. గుర్రానికి మనలాగే ఒళ్ళంతా చెమట పడుతుంది. మైనస్ ఇరవైలో బరువు లాగి చెమట పట్టిన గుర్రం ఆగిన మరుక్షణం ఆ చెమట వెంట్రుకల్లోనే గడ్డకడుతుంది. ఎండుగా ఉన్న బొచ్చు గొంగడిలా కాపాడుతుంది, తడిసిన బొచ్చు తడిబట్ట కట్టుకున్నట్టే. పైగా గుర్రం ఒంటి మీద దట్టమైన బొచ్చు పెరగాలంటే ముందు పగళ్ళు పొట్టివి కావాలి, చలి ఒక్కటే చాలదు. ఉత్తరార్ధగోళం నుంచి భూమధ్యరేఖ దాటించి తెచ్చిన గుర్రాలకు రుతువులే తారుమారు అయిపోయాయి.

గిట్టలు దిగబడకుండా వెదురుతో, తీగతో అల్లిన మంచు చెప్పులు తయారు చేసి తెచ్చారు. అవి తొడిగితే గుర్రం మంచు మీద చక్కగా నడిచింది. కానీ ఆ ప్రయాణంలో వాళ్ళ దగ్గర ఉన్నది ఒకే ఒక్క జత, మిగిలినవి కేప్ ఎవాన్స్‌లోనే ఉండిపోయాయి. అనుకున్నట్టు 80 డిగ్రీల అక్షాంశం దాకా పోలేక, ఫిబ్రవరి 17న అంతకు 30 మైళ్ళకు పైగా ఇవతలే ఆహారం పాతిపెట్టారు. దానికి వన్ టన్ డిపో అని పేరు. బలహీనమైన గుర్రాలను అక్కడే చంపి మాంసం దాచి, ఇంకా ముందుకు పోదామని ఓట్స్ అన్నాడు. స్కాట్ ఒప్పుకోలేదు, మూగజీవాలను అలా చెయ్యడం తనవల్ల కాదన్నాడు. దీనికి మీరు తర్వాత విచారించాల్సి వస్తుందని ఓట్స్ అన్నట్టు చెబుతారు. తిరిగి వచ్చేటప్పుడు మూడు పోనీలు చలికి, నీరసానికి పోయాయి. మార్చి 1న సముద్రపు మంచు పగిలి, గుర్రాలతో నడుస్తున్నవాళ్ళు తేలే పలకల మీద చిక్కుకుపోయారు. చుట్టూ తిమింగలాలు. మనుషులు బయటపడ్డారు, అక్కడ ఉన్న నాలుగు పోనీల్లో ఒక్కటే దక్కింది. వెళ్ళిన ఎనిమిదింటిలో ఇల్లు చేరినవి రెండు. కేప్ ఎవాన్స్‌లో ఉన్నవాటిలో కూడా ఒకటి పోయింది. మొత్తం మీద మిగిలినవి పది.

ఇక వాటిలో ఒక్కటి కూడా పోవడానికి వీల్లేదు. ఏప్రిల్ 23 ప్రాంతంలో సూర్యుడు అస్తమించాడు, మళ్ళీ కనపడేది ఆగస్టు చివర్లోనే. ఈ నాలుగు నెలల చీకట్లో పది గుర్రాలను ఎలా ఉంచాలి? ఊరికే కట్టేసి మేపితే చాలదా? చాలదు. అక్కడే గుర్రాలు తెలిసినవాడి విలువ కనపడింది.

శాలను గుడిసె గోడకు ఆనించి, గాలి తగలని వైపు కట్టారు. బొగ్గు ఇటుకలు, గడ్డిమోపులు పేర్చి గోడ చేశారు. లోపల ఓట్స్ ఒక పొయ్యి అమర్చాడు. కట్టెలు లేని దేశం కాబట్టి అది సీలు కొవ్వుతో మండేది. దాని మీద తవుడు, గానుగపిండి ఉడకబెట్టి వేడి వేడిగా పెట్టేవాడు. మన పల్లెల్లో ఎడ్లకు ఉలవలు ఉడకబెట్టి పెట్టినట్టే. ఆ పొయ్యి పక్కన ఓట్స్, మియర్స్ కూర్చుని ఉన్న ఫోటో ఒకటుంది, పాంటింగ్ అనే ఫోటోగ్రాఫర్ తీసింది. రోజులో చాలాసేపు ఓట్స్ అక్కడే ఉండేవాడు. ఆయనకు తోడు ఆంటన్ ఒమెల్చెంకో అని ఉక్రెయిన్ కుర్రాడు. పొట్టి మనిషి, వ్లాదివొస్తోక్‌లో జాకీగా పనిచేశాడు. వీళ్ళిద్దరికీ ఒకరి భాష ఒకరికి అంతంతమాత్రం. గుర్రాల భాష మాత్రం ఇద్దరికీ వచ్చు.

ఒక్కొక్క గుర్రాన్నీ రోజూ నడిపించే బాధ్యత ఒక్కొక్క మనిషికి ఇచ్చారు. డాక్టరు, శాస్త్రవేత్త, నావికుడు అనే తేడా లేదు. మధ్యాహ్నం పూట ఉత్తరం వైపు ఆకాశంలో కొంచెం వెలుగు రేక కనపడేది. ఆ సమయంలో తాడు పట్టుకుని సముద్రపు మంచు మీద నడిపించేవాళ్ళు. వెన్నెల ఉంటే ఇంకొంచెం దూరం. మంచు తుఫాను వస్తే బయటికి తీసేవాళ్ళు కాదు. రెండు మూడు రోజులు లోపలే ఉన్న గుర్రం బయటికి రాగానే తాడు లాక్కుని చీకట్లో పరుగు. మైనస్ ముప్ఫైలో దాని వెనకాల మనిషి పరుగు. రాత్రుళ్ళు శాలలో అవి కాళ్ళతో చెక్కలను తన్నే చప్పుడు గుడిసెలో పడుకున్నవాళ్ళకు వినపడుతూ ఉండేది.

ఈ నడకకు పరిమితి ఉంది, అదే అసలు కిటుకు. గుర్రానికి ఒళ్ళు వెచ్చబడాలి, చెమట మాత్రం పట్టకూడదు. కాళ్ళ కీళ్ళు బిగుసుకుపోకూడదు, పేగులు కదలాలి, రక్తం ఆడాలి, ఉన్న కండ కరిగిపోకూడదు. అంతే. చలికాలంలో బలం పెంచాలని చూస్తే ఉన్న బలం కూడా పోతుంది. అందుకని ఓట్స్ చలికాలమంతా దాణా మితంగా పెట్టి, నడక మితంగా ఉంచి, వసంతం దగ్గర పడ్డాక రెండూ కలిపి పెంచాడు. గింజ దాణా పెరిగింది, ఖాళీ నడక పోయి బండి లాగుడు వచ్చింది. చలికాలపు సాయంత్రాల్లో అక్కడ ఉపన్యాసాలు జరిగేవి. మితంగా మాట్లాడే ఓట్స్ కూడా తన వంతుగా గుర్రాల పోషణ మీద మాట్లాడాడు. అందరికీ బాగా నచ్చిందని స్కాట్ డైరీలో ఉంది.

ఇదంతా పాతకాలపు సంగతి అనుకోకండి. ఇంగ్లండు ఉత్తరాన మేముండే చోట మా అమ్మాయి రెండు చలికాలాలు గుర్రపుస్వారీ నేర్చుకుంది. జనవరిలో ఒక శనివారం పొద్దున నేల అంతా గడ్డకట్టి ఉంది. శాల నడిపే పెద్దావిడ, ఇవాళ స్వారీ లేదు, నడక మాత్రమే అంది. మా అమ్మాయి మూతి ముడుచుకుంది. "నాన్నా, దానికి అంత జుట్టుంది కదా, చలెందుకు వేస్తుంది?" అని నన్నడిగింది. ఆవిడకు తెలుగు రాదు కానీ ప్రశ్న అర్థమయినట్టే జవాబు చెప్పింది. గడ్డకట్టిన నేల రాయిలాంటిది, దాని మీద పరుగెత్తిస్తే కాళ్ళ నరాలు దెబ్బతింటాయి. గిట్టల అడుగున మంచు ఉండలు కట్టి గుర్రం జారుతుంది, అందుకే గిట్టల కింద కొవ్వు రాయాలి. బాగా పనిచేసే గుర్రానికి చలికాలంలోనే బొచ్చు కత్తిరించి గొంగడి కప్పుతారు, ఎందుకంటే ఆ బొచ్చు చెమటకు తడిస్తే ఆరదు. చివరి పది నిమిషాలు నెమ్మదిగా నడిపించి, ఊపిరి మామూలయ్యాక, ఒళ్ళు పొడిగా తుడిచాకే శాలలో కట్టాలి. చలి ముదిరితే గింజలు కాదు, ఎండుగడ్డి ఎక్కువ వెయ్యాలి. గుర్రం పెద్దపేగులో గడ్డి పులిసి అరుగుతుంటే ఆ అరుగుదలే లోపలి నుంచి వేడి పుట్టిస్తుంది. ఆవిడ చెబుతుంటే నాకు కేప్ ఎవాన్స్ శాలే కళ్ళ ముందు కనపడింది. నూరేళ్ళు గడిచినా గుర్రం ఒళ్ళు మారలేదు, దానికి కావలసిన ఓపికా మారలేదు.

మళ్ళీ కథలోకి వద్దాం. 1911 జులైలో బోన్స్ అనే పోనీకి కడుపునొప్పి పట్టుకుంది. గుర్రానికి కడుపునొప్పి అంటే మనకు వచ్చినట్టు కాదు. అది వాంతి చేసుకోలేదు, పేగు మెలిపడితే ప్రాణం పోతుంది. నేల మీద పడి పొర్లుతుంటే ఓట్స్, క్రీన్ అనే నావికుడు గంటల తరబడి దాన్ని కనిపెట్టుకుని ఉన్నారు. నల్లమందు మాత్రలు వేశారు. అర్ధరాత్రి దాటాక అది లేచి మేత నమిలింది. గుడిసెలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఇంకోసారి ఒంట్లో పేలు పట్టి గుర్రాలు గోడలకు రుద్దుకుంటుంటే, పొగాకు నానబెట్టిన నీళ్ళతో కడిగారు.

క్రిస్టఫర్ అనే దాని సంగతి వేరే. కరవడం, తన్నడం దాని నిత్యకృత్యం. బండి కట్టాలంటే ముందు కాలు ఒకటి మడిచి తాడుతో బిగించి, నేల మీద పడవేసి, తల మీద ఒకరు కూర్చుంటే గానీ వీలయ్యేది కాదు. కట్టాక ఆపితే మళ్ళీ కట్టడం కుదరదు, కాబట్టి ఆ రోజు నడక అయ్యేదాకా మధ్యలో తిండికి కూడా ఆగకూడదు. ఓట్స్ దాన్ని ఇంకొకరికి అప్పగించకుండా తనే తీసుకున్నాడు.

చలికాలం గడిచింది. పదీ బతికాయి. షాకల్టన్ గుర్రాల్లో సగం పోయిన చోట ఇక్కడ ఒక్కటీ పోలేదు. 1911 నవంబరు 1న దక్షిణానికి ప్రయాణం మొదలైంది. ఒక్కొక్క పోనీ రెండు వందల కిలోలకు పైగా లాగాలి. రాత్రి పూట నడిచేవాళ్ళు. అక్కడ ఆ కాలంలో రాత్రి కూడా సూర్యుడు ఉంటాడు కానీ చలి ఎక్కువ. చలి ఎక్కువగా ఉన్నప్పుడు గుర్రం నడుస్తూ వెచ్చగా ఉంటుంది, మంచు కూడా గట్టిగా ఉంటుంది. ఎండ కొంచెం కాసే వేళ నిలబడి నిద్రపోతుంది. ఆగిన ప్రతిచోటా మనుషులు తమ డేరా సంగతి పక్కన పెట్టి, ముందు గాలి వచ్చే వైపు మంచు ఇటుకలతో గుర్రాలకు గోడ కట్టేవాళ్ళు. మంచు మెరుపుకు కళ్ళు పోకుండా నుదుటి మీద కుచ్చులు వేలాడదీశారు. నెమ్మదిగా నడిచేవాటిని ముందు, వేగంగా నడిచేవాటిని చివర బయలుదేరదీసేవాళ్ళు, అన్నీ ఇంచుమించు ఒకేసారి చేరేలాగా. ఆ నెమ్మది జట్టుకు బాల్టిక్ నౌకాదళం అని పేరు పెట్టుకున్నారు. కొన్నేళ్ళ కిందట రష్యా నౌకాదళం జపాను దాకా ఈడ్చుకుంటూ వెళ్ళి ఓడిపోయిన ముచ్చట అందరికీ గుర్తే మరి.

ఆ జట్టులో జెహూ అని ఒక ముసలి పోనీ. అది మొదటి మజిలీ దాకా వస్తే గొప్పే అనుకున్నారు. అది వన్ టన్ డిపో దాటింది, మూడు వారాలకు పైగా నడిచింది. నన్నడిగితే ఓట్స్ చలికాలపు పనికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కానీ తిరుగు ప్రయాణం అనేది గుర్రాల లెక్కలోనే లేదు. మేత మోసుకుపోవాలి, దారిలో గడ్డిపరక లేదు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు అన్నట్టు, అక్కడ గుర్రం ఎంత ముసలిదైనా దాని మేత బరువు దానిదే. అందుకని బరువు తగ్గిన కొద్దీ ఒక్కొక్కదాన్ని కాల్చి, మాంసం కుక్కలకు, మనుషులకు వాడటం మొదటి నుంచీ ఉన్న పథకం. నవంబరు 24న జెహూతో అది మొదలైంది. డిసెంబరు మొదటి వారంలో నాలుగు రోజులు తడి మంచు తుఫాను కురిసి గుర్రాలను తడిపేసింది. డిసెంబరు 9న, కడుపు దాకా దిగబడే మంచులో రోజంతా నడిపించి, బియర్డ్‌మోర్ హిమానీనదం కింద మిగిలిన అయిదింటినీ కాల్చేశారు. బోన్స్ కూడా వాటిలో ఉంది. కడుపునొప్పి వచ్చినప్పుడు దాని పక్కన కూర్చున్న క్రీన్, దాన్ని అక్కడి దాకా నడిపించుకొచ్చిన మనిషి. ఆ చోటికి వాళ్ళు కసాయి మజిలీ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒక ప్రశ్న వస్తుంది. చివరకు తుపాకీ ఉందని తెలిసీ, నాలుగు నెలలు చీకట్లో అంత శ్రద్ధగా ఎలా నడిపించారు? చాలామంది డైరీలు రాశారు. గుర్రాలు బాధపడిన రోజున వాళ్ళ రాత మారిపోవడం వాటిలో కనపడుతుంది. చెయ్యవలసిన పని చెయ్యక తప్పదు, దానికి బాధపడకుండా ఉండటమూ సాధ్యం కాదు. ఆ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి. స్కాట్ ఫిబ్రవరిలో జాలిపడి గుర్రాలను వెనక్కి తిప్పాడు, డిసెంబరులో పథకం ప్రకారం కాల్పించాడు. మొదటిది దయ, రెండోది క్రూరత్వం అని ఇంత దూరాన కూర్చుని తేల్చెయ్యడం తేలిక.

ఇంకొక లెక్క కూడా ఉంది. అముండ్‌సెన్ కుక్కలతో అక్టోబరు 19నే బయలుదేరాడు. స్కాట్ నవంబరు 1 దాకా ఆగాడు, ఎందుకంటే అంతకు ముందు ఉండే చలిని గుర్రాలు తట్టుకోలేవు. అంటే ఆయన క్యాలెండరును రాసింది గుర్రం ఒళ్ళు. చలికాలంలో ఎంత బాగా సాకినా, చెమట పట్టే జంతువు చెమట పట్టని జంతువు అవదు. గిట్ట పంజా అవదు. శిక్షణతో ఒక జీవిలో ఉన్న శక్తి చెడిపోకుండా కాపాడవచ్చు, లేని స్వభావాన్ని తెచ్చిపెట్టడం మాత్రం కుదరదు. ఓట్స్‌కు ఇది తెలుసు. తెలిసీ, తన చేతికి ఇచ్చిన గుర్రాలతో చెయ్యగలిగినదంతా చేశాడు. వెనక్కి వచ్చేసరికి మార్చి నెల అయింది. ఆ 1912 మార్చి మామూలు కంటే బాగా చలిగా ఉందని సూజన్ సొలొమన్ అనే వాతావరణ శాస్త్రవేత్త 2001లో తన పుస్తకంలో వివరించారు. కాళ్ళు గడ్డకట్టి నడవలేని ఓట్స్, మిగిలినవాళ్ళకు భారం కాకూడదని తన ముప్ఫై రెండో పుట్టినరోజు ప్రాంతంలో డేరా లోంచి తుఫానులోకి నడిచి వెళ్ళిపోయాడు. స్కాట్, విల్సన్, బవర్స్ ముగ్గురూ వన్ టన్ డిపోకు 11 మైళ్ళ దూరంలో డేరాలోనే చనిపోయారు. ఆ డిపో అనుకున్న చోటే ఉంటే ఏమయ్యేదని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు.

ఇప్పుడు మన కంచరగాడిదల దగ్గరికి వద్దాం. పోనీలను చూశాక ఓట్స్, రెండో ఏడాదికి భారత సైన్యం వాడే కంచరగాడిదలు మేలని స్కాట్‌కు చెప్పాడు. స్కాట్ ఓడలో ఉత్తరం పంపాడు. భారత ప్రభుత్వం ఏడింటిని ఎంపిక చేసి, శిక్షణ ఇప్పించి పంపింది. 1912 మొదట్లో అవి దిగేనాటికి ఓట్స్ ధ్రువం నుంచి తిరుగుదారిలో ఉన్నాడు. వాటితో పాటు గొంగళ్ళు, మంచు చెప్పులు, కళ్ళకు రంగు అద్దాలు కూడా వచ్చాయి. ఎంత ముచ్చటగా తయారు చేసి పంపారో అని చెర్రీ గరార్డ్ తన పుస్తకం 'ద వరస్ట్ జర్నీ ఇన్ ద వరల్డ్'లో మెచ్చుకున్నాడు. అది 1922లో వచ్చింది. ఆ మెప్పు ఎక్కడో మన కొండల్లో వాటికి తాడు పట్టుకుని నడక నేర్పినవాళ్ళకు చెందాలని నాకు అనిపిస్తుంది.

1912 చలికాలంలో కేప్ ఎవాన్స్‌లో పదమూడు మందే మిగిలారు. స్కాట్ జట్టు రాలేదు, అంటే చనిపోయారని అందరికీ అర్థమయింది. అయినా మళ్ళీ అదే శాల, అదే పొయ్యి, అదే చీకటి. ఈసారి శాల బాధ్యత లాష్లీ అనే నావికుడిది. ఓడ ఇంజన్ల దగ్గర బొగ్గు పనితో పెరిగిన మనిషి. ఓట్స్ చేసినట్టే మితమైన దాణా, రోజూ నడక. చనిపోయినవాళ్ళ కోసం వెతకడానికి బతికినవాళ్ళు చీకట్లో కంచరగాడిదలను నడిపిస్తూ సిద్ధం అయ్యారు. ఏడూ చలికాలం దాటాయి.

అక్టోబరు చివర్లో బయలుదేరాయి. బయట మంచు మీద అవి తమ దాణా తినేవి కావు. తాళ్ళు, గొంగళ్ళు, తాగి పారేసిన టీ ఆకు, పొగాకు, అన్నీ తినేవి, దాణా తప్ప. అందువల్ల అవి అక్కడికి పనికిరావని చెర్రీ గరార్డ్ చివరకు తేల్చాడు. అయినా నడిచాయి. 1912 నవంబరు 12న, ముందు నడుస్తున్న రైట్ అనే శాస్త్రవేత్తకు దూరంగా మంచులో ఒక గుట్టలాంటిది కనపడింది. అది డేరా కొన. లోపల ముగ్గురు, వాళ్ళ డైరీలు, ఉత్తరాలు. ఇవాళ మనకు ఆ కథ అంతా తెలుసంటే, ఆ డైరీలు దొరికాయి కాబట్టి. గులాబ్, బేగం, ప్యారీ లాగిన బళ్ళతో వెళ్ళినవాళ్ళకే అవి దొరికాయి. ఓట్స్ అడిగిన జంతువులు ఓట్స్‌ను వెతకడానికి వెళ్ళాయి. ఆయన నిద్రసంచీ దొరికింది, ఆయన దొరకలేదు. ఆ దగ్గర్లో మంచుతో ఒక గుర్తు కట్టి వచ్చారు.

ఇప్పుడు అంటార్కిటికాలో గుర్రాలు లేవు. 1991 నాటి ఒప్పందం ప్రకారం 1994 నాటికి కుక్కలను కూడా పంపించేశారు. కేప్ ఎవాన్స్‌లో గుడిసెను, శాలను న్యూజిలాండు వాళ్ళ ట్రస్టు ఒకటి జాగ్రత్తగా కాపాడుతోంది. ఇంగ్లండులో ఉన్నవాళ్ళు వీలైతే హాంప్‌షైర్‌లోని సెల్బోర్న్ వెళ్ళండి, గిల్బర్ట్ వైట్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఇంట్లో ఓట్స్ స్మృతులు కూడా ఉంచారు. పిల్లలను తీసుకువెళితే ధ్రువానికి ఎవరు ముందు చేరారో అక్కడ రాసే ఉంటుంది. ఆ చలికాలంలో రోజూ మధ్యాహ్నం గుర్రాన్ని ఎవరు నడిపించారో మాత్రం మీరే చెప్పండి. ఆంటన్ పేరు, లాష్లీ పేరు కూడా చెప్పండి. ఏడు కంచరగాడిదల పేర్లు చెప్పడం మరిచిపోకండి, ఆ పేర్లు పలకడం మన పిల్లలకు తేలిక.

బయట చలి ముదురుతోంది. మీరూ, మీ ఇంట్లో పెద్దవాళ్ళూ ఎండ ఉన్న పూట కాసేపు నడవండి, చెమట పట్టేలా కాకపోయినా ఒళ్ళు వెచ్చబడేంత. వచ్చేవారం మరో సంగతితో కలుసుకుందాం. అంతవరకు సెలవు.